4 జీబీ ల్యాప్‌టాప్‌లో యాడ్లు ఆపడం ఎలా, ఉన్న స్పీడ్ పోగొట్టుకోకుండా

"యాడ్ బ్లాకర్ పెట్టాను, యాడ్లు తగ్గాయి గానీ ల్యాప్‌టాప్ ఇంకా స్లో అయింది, ఏం చేయాలి?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్క లేదు. వెళ్లి చూస్తే అందరి దగ్గరా ఒకటే కథ, బ్రౌజర్‌లో పైన కుడిపక్క మూడు నాలుగు బ్లాకర్లు వరసగా కూర్చుని ఉంటాయి, దానికి తోడు ఫ్రీ వీపీఎన్ ఒకటి, "పీసీ క్లీనర్" ఒకటి. ఒక ఇంటికి నలుగురు వాచ్‌మెన్‌లని పెట్టి నలుగురికీ అన్నం పెడుతున్నట్టు అన్నమాట. తక్కువ ర్యామ్ ఉన్న మెషిన్‌కి బ్లాకర్ ఒక్కటే ఉండాలి, దాన్ని సరిగ్గా సెట్ చేయాలి.

ఇది సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ లాంటి చిన్న ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా. 16 జీబీ ఉన్నవాళ్లు కూడా చేసుకోవచ్చు, తేడా మాత్రం అంత తెలీదు.

ఏమేం కావాలి

ఒక అరగంట టైమ్, ఇంటర్నెట్, ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ (ఆఫీస్ వాళ్లో కాలేజీ వాళ్లో ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే అది మీ దగ్గర ఉండదు, అప్పుడు 5వ స్టెప్ వదిలేయండి). ఒక్క రూపాయి కూడా ఖర్చు లేదు. డబ్బులు కట్టమని ఎక్కడైనా పేజీ వచ్చిందంటే మీరు తప్పు చోటికి వెళ్లారని అర్థం, వెనక్కి వచ్చేయండి.

మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. మీరు రోజూ చదివే న్యూస్ సైట్ ఏదో ఒకటి ఓపెన్ చేసి, బ్రౌజర్‌లో షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ నొక్కండి. క్రోమ్‌లో అయినా ఫైర్‌ఫాక్స్‌లో అయినా దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఆ ట్యాబ్ ఎంత మెమరీ తింటుందో కాగితం మీద రాసి పెట్టుకోండి. చివర్లో పోల్చుకోవడానికి ఇదే ఆధారం, లేకపోతే "ఏమో కొంచెం ఫాస్ట్ అయినట్టుంది" అనే దగ్గరే ఆగిపోతాం.

1. ముందు ఇల్లు ఊడ్చండి

బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్స్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) పేజీకి వెళ్లి యాడ్ బ్లాకర్ అని పేరున్న ప్రతిదీ తీసేయండి. ఆఫ్ చేయడం కాదు, రిమూవ్ కొట్టాలి. కూపన్లు వెతికేవి, వీడియో డౌన్‌లోడర్లు, మీకు గుర్తు కూడా లేని టూల్‌బార్లు అన్నీ పోవాలి. వీటిలో కొన్ని తామే యాడ్లు దూర్చేవి ఉంటాయి. 2018లో క్రోమ్ స్టోర్‌లో ఐదు దొంగ యాడ్ బ్లాకర్లని ఆడ్‌గార్డ్ అనే యాడ్ బ్లాకర్ కంపెనీ వాళ్లు బయటపెట్టారు, అప్పటికే 2 కోట్ల మందికి పైగా వాటిని పెట్టుకున్నారు. అందుకని "ఇంతమంది వాడుతున్నారు కదా, మంచిదే అయ్యుంటుంది" అనుకోవద్దు.

2. నోటిఫికేషన్లు చూడండి, సగం మందికి జబ్బు ఇక్కడే

మా పిన్ని ల్యాప్‌టాప్‌లో కింద కుడి మూలలో రెండు నిమిషాలకోసారి ఎర్రగా ఒక డబ్బా వచ్చేది, "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే నొక్కండి" అని. వైరస్ అనుకుని షాపుకి తీసుకెళ్తే వాళ్లు ఫార్మాట్ కొట్టి ఇచ్చారు, డబ్బులూ పోయాయి, ఫొటోలూ పోయాయి, వారం తిరక్కుండా మళ్లీ అదే డబ్బా. నేను వెళ్లి చూస్తే అది వైరస్సూ కాదు ఏమీ కాదు, పాటలు డౌన్‌లోడ్ చేసే ఏదో సైట్‌లో "మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి" అంటే నొక్కేసింది. ఆ అలౌ నోటిఫికేషన్లకి ఇచ్చిన పర్మిషన్ అన్నమాట. ఫార్మాట్ అయ్యాక కూడా అదే సైట్‌కి వెళ్లి అదే అలౌ మళ్లీ నొక్కింది, పాపం ఆమెకేం తెలుసు.

ఇలాంటివాటిని ఏ యాడ్ బ్లాకర్ కూడా ఆపదు, ఎందుకంటే పర్మిషన్ ఇచ్చింది మనమే. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, కిందకి వస్తే పర్మిషన్స్, అందులో నోటిఫికేషన్స్. అక్కడ అలౌ లిస్టులో ఉన్న తెలియని సైట్లన్నీ తీసేయండి, వాట్సాప్ వెబ్, జీమెయిల్ లాంటివి ఉంచుకోండి. అక్కడే ఇక మీదట ఏ సైటూ నోటిఫికేషన్ అడగకుండా చేసే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేసేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ల్యాప్‌టాప్ అయితే ఇది మాత్రం మర్చిపోవద్దు.

3. బ్రౌజర్ ఏది, బ్లాకర్ ఏది

నేను చెప్పేది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, అందులో యూబ్లాక్ ఆరిజిన్ (uBlock Origin) అనే బ్లాకర్. ఎందుకంటే యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి వెర్షన్ ఇప్పుడు క్రోమ్‌లో పని చేయదు. ఎక్స్‌టెన్షన్లకి గూగుల్ కొత్త రూల్స్ తెచ్చింది, మేనిఫెస్ట్ వీ3 అంటారు, 2024లో పాతవాటిని ఆపడం మొదలుపెట్టి 2025కల్లా పూర్తిగా తీసేసింది. "నిన్నటిదాకా పని చేసింది, ఇవాళ అదే ఆఫ్ అయిపోయింది" అని అడిగేవాళ్లకి సమాధానం ఇదే, మీ తప్పేమీ లేదు.

క్రోమ్ వదలలేం అనేవాళ్లకి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది, రాసింది కూడా అదే మనిషి, రేమండ్ హిల్. లైట్ అంటే పనికిమాలినదని కొందరు తీసిపారేస్తారు గానీ నాకు అలా అనిపించలేదు. అది రూల్స్ అన్నీ బ్రౌజర్‌కే అప్పజెప్పి తాను పక్కన పడుకుంటుంది, అందుకని మెమరీ చాలా తక్కువ తీసుకుంటుంది, 2 జీబీ మెషిన్‌కైతే అదే మేలు. కాకపోతే ఫిల్టర్ లిస్టులు (ఏవి ఆపాలో రాసున్న రూల్స్ జాబితాలు) విడిగా అప్‌డేట్ అవ్వవు, ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్ అయినప్పుడే మారతాయి, మొండి సైట్ల దగ్గర కొంచెం తడబడుతుంది. పెట్టుకున్నాక దాని ఐకాన్ నొక్కి మోడ్‌ని "ఆప్టిమల్" మీద ఉంచండి, "బేసిక్"లో ఉంటే చాలా మిగిలిపోతాయి.

ఎక్స్‌టెన్షన్లు అవీ మాకొద్దు అంటే బ్రేవ్ బ్రౌజర్, అందులో బ్లాకర్ లోపలే ఉంటుంది. కొత్త ట్యాబ్‌లో స్పాన్సర్డ్ బొమ్మలు, రివార్డ్స్ అని ఏవో వస్తాయి, సెట్టింగ్స్‌లో ఆఫ్ చేస్తే మామూలుగా వాడుకోవచ్చు. విండోస్ 7 మీదే ఇంకా బండి లాగుతున్నవాళ్లకి ఫైర్‌ఫాక్స్ అయితే 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం నడిచేలా ఇచ్చే వెర్షన్) వరకే, దాని తర్వాతవి ఎక్కవు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జాగ్రత్త: గూగుల్‌లో పేరు కొట్టి పైన వచ్చిన మొదటి లింక్ నొక్కొద్దు, అది యాడ్ అయ్యే ఛాన్స్ ఉంది (యాడ్ బ్లాకర్ కోసం వెళ్లి యాడ్ మీద నొక్కడం, మరీ విచిత్రం). సెర్చ్‌లో ఇలా దొంగ యాడ్లు పెట్టి మోసం చేస్తున్నారు, యాడ్ బ్లాకర్ వాడండి అని 2022 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ వాళ్లే జనానికి చెప్పారు. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఏ కలిపి నొక్కి అక్కడి సెర్చ్‌లోనే వెతకండి. డెవలపర్ పేరు రేమండ్ హిల్ అని ఉండాలి. ఉత్తి "యూబ్లాక్" అని ఇంకోటి కనిపిస్తుంది, అది వేరే వాళ్లది, "ఆరిజిన్" అనే మాట ఉందో లేదో చూసుకోండి.

4. చిన్న మెషిన్‌కి తగ్గట్టు సెట్ చేయడం

ఇక్కడా, 6వ స్టెప్‌లోనూ చెప్పేది ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకున్న పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ గురించి. అందరూ ఇన్‌స్టాల్ కొట్టి వదిలేస్తారు, లేదంటే అత్యాశకి పోయి ఉన్న లిస్టులన్నీ టిక్ పెడతారు. రెండూ వద్దు. యూబ్లాక్ ఐకాన్ నొక్కి, గేర్ల బొమ్మ మీద నొక్కితే డ్యాష్‌బోర్డ్ వస్తుంది, అందులో ఫిల్టర్ లిస్ట్స్ ట్యాబ్‌కి వెళ్లండి.

ముందే టిక్ అయి ఉన్నవి అలాగే ఉంచండి, ఈజీలిస్ట్, ఈజీప్రైవసీ, యూబ్లాక్ సొంత లిస్టులు, అవి చాలు. కిందకి వెళ్తే ప్రాంతాలు, భాషల గుంపు ఉంటుంది, అందులో ఇండియన్‌లిస్ట్ అని మన జెండాతో ఉంటుంది, హిందీ తమిళంతో పాటు తెలుగు సైట్ల రూల్స్ కూడా అందులోనే, దాన్ని టిక్ పెట్టండి. తెలుగు న్యూస్ సైట్లలో ఇంకా ఏవో మిగిలిపోతున్నాయి అనేవాళ్లలో ఎక్కువ మంది ఇది పెట్టుకోరు. చైనా, రష్యా, జర్మనీ లిస్టులు మనకెందుకు, ప్రతి లిస్టూ ర్యామ్‌లోకి ఎక్కుతుంది.

అదే పేజీలో పైన "ఇగ్నోర్ జెనరిక్ కాస్మెటిక్ ఫిల్టర్స్" అని ఒక గడి ఉంటుంది. మన 4 జీబీ వాళ్ల కోసమే పెట్టినట్టు ఉంటుంది ఇది. విషయం ఏంటంటే బ్లాకర్ రెండు పనులు చేస్తుంది, ఒకటి యాడ్‌ని అసలు డౌన్‌లోడ్ అవ్వనివ్వదు, రెండోది యాడ్ పోయాక మిగిలిన ఖాళీ డబ్బాలని పేజీలో వెతికి దాచిపెడుతుంది. ఆ రెండో పనికే ప్రాసెసర్, మెమరీ బాగా పడతాయి. ఈ గడి టిక్ పెడితే అన్ని సైట్లకీ కలిపి రాసిన దాచే రూల్స్ వదిలేస్తుంది, ఒక్కో సైట్ పేరు మీద రాసినవి మాత్రం పని చేస్తాయి. ఫోన్‌లో వాడే ఫైర్‌ఫాక్స్‌కైతే ఇది మొదటి నుంచీ టిక్ అయ్యే వస్తుంది. నష్టం ఒకటే, కొన్ని చోట్ల "అడ్వర్టైజ్‌మెంట్" అని రాసున్న తెల్ల ఖాళీ కనిపిస్తుంది. స్పీడ్ కావాలా అందం కావాలా, మీ ఇష్టం, నేనైతే ఖాళీలతోనే సర్దుకుంటున్నా.

చివరికి అప్లై ఛేంజెస్ నొక్కడం మర్చిపోవద్దు. నొక్కకుండా ట్యాబ్ మూసేసి "టిక్ పెట్టినా పని చేయట్లేదు" అని ఫోన్ చేసినవాళ్లు నాకు కనీసం ముగ్గురు తెలుసు.

ఇంకో రెండు ఉన్నాయి, అవసరమైతేనే. మొబైల్ డేటా మీద నడిపేవాళ్లు సెట్టింగ్స్ ట్యాబ్‌లో పెద్ద మీడియాని ఆపే ఆప్షన్ ఆన్ చేసుకోవచ్చు, అక్కడ ఇచ్చిన కేబీ కంటే పెద్ద బొమ్మలు, వీడియోలు మీరు నొక్కితేనే లోడ్ అవుతాయి. రెండోది, చదవడానికి మాత్రమే వెళ్లే మరీ బరువైన సైట్ ఒకటి ఉందనుకోండి, ఆ సైట్‌లో ఉండగా యూబ్లాక్ ఐకాన్ నొక్కి కింద కోడ్ గుర్తులా ఉండే బటన్ నొక్కితే ఆ ఒక్క సైట్‌కి జావాస్క్రిప్ట్ (పేజీ లోపల నడిచే ప్రోగ్రామ్ కోడ్) ఆగిపోతుంది. వార్త అక్షరాలు మాత్రం వస్తాయి, ఫొటోలు కొన్ని రావు, కానీ పేజీ చటుక్కున తెరుచుకుంటుంది. బ్యాంక్, రిజర్వేషన్ సైట్లలో మాత్రం దీని జోలికి పోవద్దు.

5. డీఎన్ఎస్ మార్చడం (ఇష్టమైతేనే)

డీఎన్ఎస్ అంటే సైట్ పేరు ఇస్తే దాని నంబర్ అడ్రస్ చెప్పే సర్వర్, యాడ్ సైట్ల అడ్రస్ చెప్పని సర్వర్‌కి మారడమే ఈ స్టెప్. ఇది బ్రౌజర్ బయట ఉన్న యాప్‌లలో వచ్చే యాడ్లకి కూడా పనికొస్తుంది, పైగా ల్యాప్‌టాప్ మీద బరువు సున్నా, పనంతా అవతలి సర్వర్ చేస్తుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, హార్డ్‌వేర్ ప్రాపర్టీస్, అక్కడ డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ పక్కన ఎడిట్ నొక్కి మాన్యువల్ పెట్టి ఐపీవీ4 ఆన్ చేయండి. మొదటి గడిలో 94.140.14.14, రెండో గడిలో 94.140.15.15. ఇవి ఆడ్‌గార్డ్ వాళ్ల ఫ్రీ డీఎన్ఎస్ నంబర్లు. సేవ్ కొట్టండి. ఏ నంబర్లు మార్చారో పేపర్ మీద రాసుకోండి, వెనక్కి రావాలంటే మాన్యువల్ బదులు ఆటోమేటిక్ పెడితే సరిపోతుంది.

ఇక్కడ మూడు గుంతలున్నాయి.

మొదటిది ఐపీవీ6, అంటే ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త రకం ఇంటర్నెట్ అడ్రస్‌లు. చాలా మొబైల్ నెట్‌వర్క్‌లు, హాట్‌స్పాట్‌లు ఐపీవీ6 మీదే నడుస్తాయి, మీరు ఐపీవీ4లో నంబర్ పెట్టినా ల్యాప్‌టాప్ వెళ్లి అటువైపు పాత సర్వర్‌నే అడుగుతుంది. అదే పేజీలో ఐపీవీ6 కూడా ఆన్ చేసి ఆడ్‌గార్డ్ సైట్‌లో ఇచ్చిన ఐపీవీ6 నంబర్లు ఎక్కించండి.

రెండోది బ్రౌజర్ సొంత తెలివి. క్రోమ్‌లో "సెక్యూర్ డీఎన్ఎస్", ఫైర్‌ఫాక్స్‌లో "డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్" అని ఉంటుంది, దానిలో వేరే కంపెనీ ఎంచుకుని ఉంటే విండోస్‌లో మీరు పెట్టింది బ్రౌజర్ పట్టించుకోదు.

మూడోది, రైల్వే స్టేషన్‌లో, హాస్టల్‌లో ఫోన్ నంబర్ అడిగే వైఫై ఉంటుంది కదా, ఆ లాగిన్ పేజీ ఒక్కోసారి రాదు. అప్పుడు ఆటోమేటిక్‌కి మార్చి, లాగిన్ అయ్యి, మళ్లీ మాన్యువల్ పెట్టుకోండి.

"మరి హోస్ట్స్ ఫైల్ సంగతేంటి?" అని పాతకాపులు అడుగుతారు (ఏ సైట్లు ఆపాలో విండోస్‌లోనే రాసి పెట్టుకునే ఫైల్ అది). నేనూ ఏళ్ల తరబడి వాడాను. కానీ లక్ష లైన్ల ఫైల్ తెచ్చి పడేస్తే విండోస్‌లో డీఎన్ఎస్ సర్వీస్ నత్తలా నడుస్తుంది, చిన్న ప్రాసెసర్‌కి ఇంకా కష్టం. అందులో మైక్రోసాఫ్ట్ సైట్లు ఉంటే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ వైరస్ వార్నింగ్ ఇస్తుంది. పైగా నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు వెనకాల టీఎక్స్‌టీ తగిలించుకుని కూర్చుంటుంది, ఫైల్ ఉంటుంది, పని మాత్రం చేయదు. పది ఇరవై సైట్లు ఆపుకోవడానికైతే ఓకే, పెద్ద లిస్టులకి డీఎన్ఎస్ బెటర్.

6. మొండి యాడ్‌ని చేత్తో తీసేయడం

అన్నీ చేశాక కూడా ఒక సైట్‌లో కింద అతుక్కున్న పట్టీ ఒకటి పోదు. యూబ్లాక్ ఐకాన్ నొక్కితే మెరుపు గుర్తు, డ్రాపర్ గుర్తు అని రెండు ఉంటాయి. మెరుపు అప్పటికప్పుడు తీసేస్తుంది, పేజీ రీలోడ్ చేస్తే మళ్లీ వస్తుంది. డ్రాపర్ శాశ్వతంగా తీసేస్తుంది. డ్రాపర్ తీసుకుని పట్టీ మీదకి వెళ్తే ఎర్రగా కమ్ముకుంటుంది, క్లిక్ చేయండి, మూలలో చిన్న పెట్టె వస్తుంది. వెంటనే క్రియేట్ కొట్టకండి, ముందు ఆ పెట్టెలోనే ప్రివ్యూ నొక్కి చూడండి, పట్టీతో పాటు వార్త కూడా మాయమైందంటే ఎక్కువ పట్టుకున్నారని, స్లైడర్ అటూ ఇటూ జరిపి మళ్లీ చూడండి. పొరపాటున పేజీ అంతా పోగొట్టుకుంటే కంగారు పడకండి, డ్యాష్‌బోర్డ్‌లో మై ఫిల్టర్స్‌కి వెళ్తే చివరి లైన్ మీరు చేసిందే ఉంటుంది, దాన్ని చెరిపేసి అప్లై కొట్టండి.

7. విండోస్ సొంత యాడ్లు

సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, స్టార్ట్ దగ్గర టిప్స్, రికమెండేషన్లు ఆఫ్. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో అడ్వర్టైజింగ్ ఐడీ ఆఫ్. టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో విడ్జెట్స్ ఆఫ్, ఇది ఆఫ్ చేస్తే మెమరీ కూడా కొంచెం కలిసొస్తుంది.

క్రోమ్‌బుక్ వాళ్లకి యూబ్లాక్ ఆరిజిన్ లైట్, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్, ఈ రెండే. లినక్స్ మింట్, లుబుంటు వాళ్లకి 3, 4, 6 స్టెప్‌లు ఉన్నవి ఉన్నట్టు పనికొస్తాయి.

పని చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది

మొదట రాసి పెట్టుకున్న అదే సైట్, అదే పేజీ ఓపెన్ చేసి షిఫ్ట్ ఎస్కేప్ నొక్కి నంబర్ చూడండి. యాడ్లు కుక్కిన న్యూస్ పేజీ అయితే తేడా కంటికి కనిపించాలి. తేడా లేదంటే యూబ్లాక్ ఐకాన్ మీద బ్లాక్ చేసిన వాటి సంఖ్య వస్తుందో లేదో చూడండి. సున్నా ఉందంటే ఆ సైట్‌కి పొరపాటున ఆఫ్ చేసుంటారు, పెద్ద పవర్ బటన్ నీలంగా ఉండాలి. ప్రైవేట్ విండోలో అయితే ఎక్స్‌టెన్షన్లు మామూలుగా నడవవు, దానికి విడిగా పర్మిషన్ ఇవ్వాలి.

డీఎన్ఎస్ చూడ్డానికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్ఎస్‌లుకప్ (nslookup) అని ఇంగ్లీష్‌లో కొట్టి, ఒక గ్యాప్ ఇచ్చి, యాడ్ డాట్ డబుల్‌క్లిక్ డాట్ నెట్ (ad.doubleclick.net) అని కొట్టండి. జవాబులో 0.0.0.0 వస్తే పని చేస్తున్నట్టు. వేరే నంబర్లు వస్తే పైన చెప్పిన ఐపీవీ6 గుంతలో పడ్డారు. ఒక కిటుకు: హోస్ట్స్ ఫైల్ వాడేవాళ్లు మాత్రం దీంతో చెక్ చేయకండి, ఎన్ఎస్‌లుకప్ ఆ ఫైల్‌ని అసలు చూడదు, నేరుగా సర్వర్‌ని అడుగుతుంది. వాళ్లు పింగ్ వాడాలి. నేను ఇది తెలీక ఒక సాయంత్రం మొత్తం ఫైల్‌ని తిప్పి తిప్పి రాశాను, ఫైల్ మొదటి నుంచీ బాగానే ఉంది.

ఎక్కువగా అడిగేవి

యూట్యూబ్ యాడ్లు డీఎన్ఎస్‌తో పోవు, వీడియో వచ్చే దారిలోనే యాడ్ కూడా వస్తుంది కాబట్టి. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ చాలావరకు ఆపుతుంది, కానీ యూట్యూబ్ వాళ్లు మారుస్తుంటారు, యూబ్లాక్ వాళ్లు సరిచేస్తుంటారు, దొంగా పోలీస్ ఆట. ఆగిపోయిన రోజు ఫిల్టర్ లిస్ట్స్‌లో అప్‌డేట్ నౌ నొక్కి చూడండి, అప్పటికీ కాకపోతే ఒక రోజు ఆగండి, రెండో బ్లాకర్ మాత్రం తెచ్చి పెట్టకండి. లైవ్ క్రికెట్‌లో ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య వచ్చేవి టెలికాస్ట్‌లోనే కలిసి వస్తాయి, వాటికి రిమోట్‌లో మ్యూట్ ఒక్కటే మందు.

పరీక్ష ఫీజు కట్టేటప్పుడు పేమెంట్ పేజీ రాకపోతే యూబ్లాక్ ఐకాన్‌లో పవర్ బటన్ నొక్కి ఆ ఒక్క సైట్‌కి ఆఫ్ చేసి రీలోడ్ చేయండి. అయినా రాకపోతే అది యూబ్లాక్ తప్పు కాదు, బ్రౌజర్ సొంత పాప్-అప్ బ్లాకర్ అయ్యుండొచ్చు, అడ్రస్ బార్ చివర చిన్న గుర్తు వస్తుంది, అక్కడ అలౌ ఇవ్వండి. ఇదంతా డబ్బు కట్టే ముందే చూసుకోండి. డబ్బు కట్ అయ్యాక పేజీ తిరుగుతూ ఉంటే మాత్రం రీలోడ్ కొట్టకుండా ముందు బ్యాంక్ మెసేజ్ చూడండి.

అలాగే మీకు నచ్చిన చిన్న తెలుగు సైట్ ఏదైనా ఉంటే, ఒకరో ఇద్దరో కూర్చుని నడుపుకునేది, దానికి ఇదే పవర్ బటన్‌తో బ్లాకర్ ఆఫ్ చేసి పెట్టండి, ఒకట్రెండు యాడ్లకి 4 జీబీ ల్యాప్‌టాప్ కూడా ఏమీ కూలిపోదు.